అడవినాభి: మందుకూ విషానికీ మూలం ఒక్కటే

ఔషధ మొక్కల సాగుపై రైతుల్లో ఆసక్తి పెరుగుతున్న కొద్దీ విస్తరణ శాస్త్రవేత్తల ముందుకు వచ్చే ప్రశ్నల్లో అడవినాభి పేరు కూడా వినబడుతోంది. ఎకరాల కొద్దీ అడవినాభి పండించి, గింజలను మందుల పరిశ్రమకు అమ్ముతున్న రైతులు తమిళనాడులో ఉన్నారు. మన అడవుల్లోనూ పొదల్లోనూ సహజంగా పెరిగే ఈ తీగను మన చేలలో ఎందుకు పండించకూడదన్న ప్రశ్న సహజమైనదే. దానికి సమాధానం చెప్పే ముందు రెండు విషయాలు స్పష్టం కావాలి. ఒకటి, నేల. రెండు, విషం. ఈ మొక్కకు విలువ తెచ్చిన పదార్థమూ, దీనివల్ల ప్రాణహాని కలిగించే పదార్థమూ ఒక్కటే. ఆ పదార్థం పేరు కోల్చిసిన్. కాబట్టి అడవినాభి సాగు గురించి ఇచ్చే సలహాలో భద్రత అనుబంధం కాకూడదు. అది సలహాలో సగభాగం కావాలి.

కామారెడ్డి జిల్లాలోని పెద్దకొడప్‌గల్ మండలాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ మొక్క స్వభావాన్ని, అవసరాలను, ఉపయోగాలను, ప్రమాదాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొక్క గుర్తింపు

అడవినాభి శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. పూర్వం దీనిని లిల్లీ కుటుంబంలో చేర్చేవారు. ఇప్పుడు కోల్చికేసి కుటుంబంలో చేర్చారు. ఇది ఏకదళ బీజ జాతికి చెందిన బహువార్షిక తీగ. తొలకరి వానలకు భూమిలోని దుంప నుంచి మొలక వస్తుంది. వర్షాకాలంలో తీగ పెరిగి పూస్తుంది. కాయలు ముదిరిన తరువాత తీగ ఎండిపోతుంది, దుంప మాత్రం తరువాతి తొలకరి వరకు భూమిలో నిద్రావస్థలో ఉంటుంది.

ఈ తీగకు ప్రత్యేకంగా నులితీగలు ఉండవు. ఆకు కొనయే సాగి, చుట్ట తిరిగి, ఆధారాన్ని పట్టుకుంటుంది. కాడ లేని బల్లెపు ఆకారపు ఆకు, సమాంతర ఈనెలు, మెలి తిరిగిన ఆకు కొన ఈ మూడూ కలిసి కనిపిస్తే మొక్కను పూత లేని దశలోనైనా గుర్తించవచ్చు. పూవుకు ఆరు రేకులుంటాయి. వాటి అంచులు అలల వలె ముడతలు పడి, రేకులు వెనుకకు వంగి, నిప్పు మంట పైకి లేచినట్లు కనిపిస్తాయి. విచ్చుకున్నప్పుడు ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో ఉన్న రేకులు రోజులు గడిచే కొద్దీ నారింజ, ఎరుపు రంగులకు మారుతాయి. కీలం అండాశయం దగ్గర దాదాపు లంబకోణంలో పక్కకు వంగి ఉంటుంది. సాగులో కాయ కట్టడానికి ఎదురయ్యే ఇబ్బందికి ఈ నిర్మాణానికీ సంబంధం ఉంది. కాయ మూడు గదులది; ముదిరి పగిలినప్పుడు లోపల నారింజ ఎరుపు గింజలు వరుసగా కనిపిస్తాయి. చిన్నపిల్లల దృష్టిని ఆకర్షించే రంగు అది.

దుంప నాగలిని తలపించే కోణాకారంలో ఉంటుంది. రెండు భుజాలు ఒకచోట కలిసి, కొనలు సన్నబడతాయి. సాధారణంగా ఒక్కో భుజం కొన వద్ద ఒక్కో మొలక మొగ్గ ఉంటుంది. ఆ కొన విరిగితే ఆ భుజం నాటడానికి పనికిరాదు.

పేర్లు చెప్పే సంగతులు

మొక్క పేర్లను విస్తరణ కార్యకర్త తేలికగా తీసుకోరాదు. సంస్కృతంలో దీనిని లాంగలి అంటారు, లాంగలమంటే నాగలి. దుంప ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది. పూవు రూపాన్ని బట్టి అగ్నిశిఖ అన్నారు. గర్భఘాతిని అన్న మరో పేరు దీని ప్రభావాన్ని చెబుతోంది. హిందీలో కలిహారి, తమిళంలో సెంగాందళ్, కార్తిగైపూ అని పిలుస్తారు. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశానికి జాతీయ పుష్పం కూడా.

పెద్దకొడప్‌గల్, జుక్కల్, మద్నూర్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గర. ఇక్కడి సంతలలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలు వినిపిస్తాయి. ఒకే మొక్కను ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచే అవకాశం ఎక్కువ. మరాఠీలో దీని పేరు కళలావి. నొప్పులు తెప్పించేదని అర్థం. ప్రసవ సమయంలో దుంప ముద్దను పైపూతగా వాడిన పాత అలవాటు ఆ పేరులో నిలిచిపోయింది.

తెలుగు పేరులో మరో చిక్కు ఉంది. వసనాభి అనేది హిమాలయ ప్రాంతంలో పెరిగే వేరొక మొక్క. దానిలోని విషం అకోనిటిన్. అది ప్రధానంగా గుండె లయను దెబ్బతీస్తుంది. అడవినాభిలోని విషం కోల్చిసిన్. దాని ప్రభావ విధానం పూర్తిగా వేరు. రెండింటినీ జనం 'నాభి' అనే పిలుస్తారు. రోగి 'నాభి తిన్నాడ'ని మాత్రమే చెప్పి ఆసుపత్రికి తీసుకువెళ్తే వైద్యుడు తప్పుదోవ పట్టే ప్రమాదం ఉంది. అందుచేత రైతు శిక్షణలో పేరుతో పాటు మొక్కను, దుంపను, కాయను చూపించి చెప్పడం అవసరం.

నేల, వాతావరణం: పెద్దకొడప్‌గల్ పరిస్థితి

అడవినాభికి నీరు నిలవని ఎర్ర గరప నేలలు, ఇసుక కలిసిన ఎర్ర నేలలు అనుకూలం. ఉదజని సూచిక 6 నుంచి 7 వరకు ఉంటే మంచిది. తమిళనాడులో ఈ పంట విస్తరించిన దిండిగల్, కరూర్, తిరుప్పూర్ ప్రాంతాలు తక్కువ వర్షపాతం గల మెట్ట ప్రాంతాలు. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వర్షం ఈ పంటకు సరిపోతుంది. తేమ అవసరమే, కాని దుంప చుట్టూ నీరు నిలిస్తే కుళ్ళు తెగులు ఆశిస్తుంది.

2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లా నేలలన్నీ ఒకే రకమైనవి కావు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వెళ్ళే రహదారి వెంట పెద్దకొడప్‌గల్, మద్నూర్ వైపు సాగితే నల్లరేగడి నేలలు ఎక్కువగా కనిపిస్తాయి. సోయా చిక్కుడు, పత్తి, కంది, పెసర, మినుము, యాసంగిలో శనగ ఆ నేలల పంటలు. తూర్పున గాంధారి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి వైపు ఎర్ర చెలకలు, అడవి అంచు భూములు ఎక్కువ. జిల్లా సగటు వర్షపాతం సుమారు 1000 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి రుతుపవన కాలంలోనే కురుస్తుంది. 2025 ఆగస్టు చివరి వారంలో జిల్లాలో కురిసిన అతి భారీ వర్షాలు పొలాలను ముంచెత్తిన సంగతి తెలిసిందే.

ఈ రెండు అంశాలను కలిపి చూస్తే నిర్ణయం కష్టం కాదు. నల్లరేగడిలో బంకమన్ను పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, నీటిని త్వరగా వదలదు. జూలై, ఆగస్టు మాసాల్లో వానలు వరుసగా పడినప్పుడు దుంప రోజుల తరబడి తడిలో ఉండిపోతుంది. ఎండినప్పుడు నేల బిగుసుకుని పగుళ్ళు బారడం వల్ల దుంపలను విరగకుండా తవ్వి తీయడం కూడా కష్టం. కనుక పెద్దకొడప్‌గల్ మండలంలోని నల్లరేగడి చేలకు ఈ పంటను సిఫారసు చేయరాదు. అక్కడక్కడ వాలు గల మొరం దిబ్బలు, ఎర్ర గరప మడులు ఉన్నచోట మాత్రమే, అదీ చిన్న విస్తీర్ణంలో పరీక్షగా, ఆలోచించవచ్చు. నల్లరేగడి రైతుకు చేతిలో ఉన్న సోయా చిక్కుడు, కంది పంటల స్థానంలో అడవినాభి వేయమనడం శాస్త్రీయ సలహా కాబోదు.

సాగు విధానంలో ముఖ్యాంశాలు

ప్రవర్ధనం: గింజ పైపొర గట్టిది, మొలక ఆలస్యంగా, అసమానంగా వస్తుంది. గింజ మొక్కలు పూతకు రావడానికి మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది. అందువల్ల సాగులో దుంపలనే వాడతారు. 50 నుంచి 60 గ్రాముల బరువు గల, మొగ్గ చెడని దుంపలను ఎంచుకోవాలి. చిన్న దుంపలు మొలకెత్తినా మొదటి ఏడాది సరిగా పూయవు.

నాటడం: జూన్, జూలై మాసాలు అనువైనవి. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల దూరం పాటిస్తే హెక్టారుకు సుమారు 37,000 దుంపలు అవసరమవుతాయి. 50 గ్రాముల లెక్కన ఇది దాదాపు 1.85 టన్నులు. ఈ ఒక్క అంకె ఈ పంట పెట్టుబడి స్వభావాన్ని తెలుపుతుంది. ఒక దుంప ఏడాదికి సాధారణంగా ఒకటి రెండు దుంపలనే ఇస్తుంది కాబట్టి నాటు దుంపలను సొంతంగా పెంచుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అధిక ధరకు దుంపలు కొని, మొదటి ఏడాదే పెట్టుబడి తిరిగి రాబట్టుకోవాలని ఆశించే రైతు నష్టపోతాడు.

ఎరువులు, నీరు: ఆఖరి దుక్కిలో హెక్టారుకు 10 టన్నుల పశువుల ఎరువు వేయాలి. తమిళనాడులో 120 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం, 75 కిలోల పొటాష్ సిఫారసులో ఉంది. మన నేలల్లో భూసార పరీక్ష ఆధారంగా దీనిని సవరించుకోవాలి. బోదెలపై నాటి, మురుగు కాలువలు తీయడం తప్పనిసరి. పూత దశలో బెట్ట రానీయరాదు.

ఆధారం: తీగకు పట్టు దొరకకపోతే నేలమీద పడి కుళ్ళుతుంది. జీవకంచె మొక్కలు, కర్రలు, ఇనుప తీగల పందిరి వీటిలో ఏదో ఒకటి ఏర్పాటు చేయాలి. లేత కొన విరిగితే ఆ ఏడాది పూత తగ్గుతుంది కనుక పాకించే పనిలో జాగ్రత్త అవసరం.

పరాగ సంపర్కం: కీలాగ్రం కేసరాలకు దూరంగా పక్కకు తిరిగి ఉండడం వల్ల పుప్పొడి దానంతట అది చేరడం అరుదు. తమిళనాడు తోటల్లో కూలీలు ఉదయం పూట పూవు పూవుకూ చేతితో పుప్పొడి అంటిస్తారు. కాయ కట్టు దీనివల్ల స్పష్టంగా పెరుగుతుంది. కూలీ ఖర్చు లెక్కలో ఇది ప్రధాన అంశం.

సస్యరక్షణ: పాలిటెలా గ్లోరియోసే అనే గొంగళి పురుగు ఆకులను తినివేస్తుంది. మనిషికి ప్రాణాంతకమైన ఆకును ఈ పురుగు నిరపాయంగా తిని బతుకుతుంది. తొలి దశలో ఏరివేయడం, వేప సంబంధ మందులు వాడడం మేలు. ఆల్టర్నేరియా ఆకుమాడు, స్క్లీరోషియం వంటి శిలీంధ్రాల వల్ల వచ్చే దుంపకుళ్ళు ముఖ్యమైన తెగుళ్ళు. మురుగు నీటి పారుదల, పంట మార్పిడి, నాటే ముందు దుంపల శుద్ధి వీటికి మొదటి రక్ష.

కోత: నాటిన 160 నుంచి 180 రోజులకు కాయలు కోతకు వస్తాయి. కాయ పూర్తిగా పగలక ముందే, రంగు మారే దశలో కోసి నీడలో ఆరబెట్టి గింజలు వేరు చేస్తారు. ఇక్కడి నుంచి భద్రతా నియమాలు మరింత కఠినంగా పాటించాలి.

కోల్చిసిన్: ఒకే క్రియ, మూడు ఫలితాలు

కోల్చిసిన్‌ను మొదట వేరుచేసింది అడవినాభి నుంచి కాదు. దాని దాయాది మొక్క అయిన కోల్చికం నుంచి 1820లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు పెల్టియే, కావెంతూ ఈ ఆల్కలాయిడును వేరుచేశారు. అడవినాభి గింజల్లో ఇది సాధారణంగా 0.7 నుంచి 0.9 శాతం వరకు, దుంపల్లో అంతకంటె తక్కువగా ఉంటుంది. మొక్కలోని ప్రతి భాగంలోనూ ఎంతో కొంత ఉంటుంది.

దీని క్రియ అర్థమైతే మిగిలినవన్నీ అర్థమవుతాయి. కణంలోని ట్యుబ్యులిన్ అనే ప్రోటీనుకు కోల్చిసిన్ అతుక్కుంటుంది. ట్యుబ్యులిన్ అణువులు కలిసి సూక్ష్మనాళికలుగా ఏర్పడితేనే కణవిభజనలో కదురు పోగులు తయారవుతాయి. అవి ఏర్పడకపోతే క్రోమోజోములు రెండు ధ్రువాలకు చేరవు. విభజన మధ్యలోనే ఆగిపోతుంది.

ఈ క్రియవల్ల కలిగిన మొదటి ఫలితం వైద్యంలో కనిపిస్తుంది. వాపు చోటికి చేరే తెల్ల రక్తకణాల కదలికకూ సూక్ష్మనాళికలు అవసరం. కోల్చిసిన్ ఆ కదలికను తగ్గిస్తుంది. అందువల్లనే గౌట్ కీళ్ళవాపు నొప్పి తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2009లో గౌట్‌కు కోల్చిసిన్ మాత్రను ఆమోదించింది; 2023లో 0.5 మిల్లీగ్రాముల మోతాదును గుండె రక్తనాళ జబ్బుల ముప్పు తగ్గించేందుకు ఆమోదించింది. కండరాల బిగుతును సడలించే థయోకోల్చికోసైడ్ అనే మందు తయారీకి కూడా అడవినాభి గింజలే ముఖ్య ముడిసరుకు.

రెండవ ఫలితం వ్యవసాయ విద్యార్థులకు సుపరిచితం. 1937లో బ్లేక్స్‌లీ, ఏవరీ కోల్చిసిన్‌తో మొక్కల క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయవచ్చని చూపారు. కదురు ఏర్పడక రెట్టింపైన క్రోమోజోములు ఒకే కణంలో మిగిలిపోవడమే ఇక్కడ జరిగేది. జపాన్‌లో కిహరా రూపొందించిన గింజలేని పుచ్చకాయ, గోధుమ, రై సంకరంతో వచ్చిన ట్రిటికేల్ ఈ విధానం అందించిన ఫలాలు.

మూడవ ఫలితం విషప్రభావం. శరీరంలో నిరంతరం విభజన చెందే కణాలు పేగు లోపలి పొరలో, ఎముక మజ్జలో, వెంట్రుక కుదుళ్ళలో ఉంటాయి. మోతాదు మించినప్పుడు మొదట దెబ్బతినేవి అవే. మొక్కజొన్న, పుచ్చకాయ వేరు కొనల్లో ప్రయోగశాలలో చూసిన దృశ్యమే మనిషి పేగులోనూ జరుగుతుందని విద్యార్థి గ్రహిస్తే, విష లక్షణాల క్రమం కంఠస్థం చేయవలసిన పని ఉండదు.

మందు మాత్రలో ఉండే కోల్చిసిన్ అర మిల్లీగ్రాము. 0.7 శాతం ఉన్న గింజలు ఒక్క గ్రాములో 7 మిల్లీగ్రాములు, అంటే 14 మాత్రల మందు ఉంటుంది. పైగా గింజ గింజకూ, దుంప దుంపకూ, నేల నేలకూ ఈ శాతం మారుతుంది. ఇంట్లో నూరి, కాచి తీసుకునే మందులో మోతాదును ఎవరూ అంచనా వేయలేరు. మరగించినా, ఎండబెట్టినా, నిల్వచేసినా కోల్చిసిన్ నశించదు.

ఆయుర్వేదం ఈ సంగతిని చాలాకాలం క్రితమే గుర్తించింది. లాంగలిని ఉపవిషాల్లో చేర్చి, గోమూత్రంలో నానబెట్టడం వంటి శోధన ప్రక్రియల తరువాతనే వాడాలని విధించింది. ఔషధ నియమావళి, 1945లోని షెడ్యూల్ ఇ(1)లో విష పదార్థాల జాబితాలో లాంగలి కూడా ఉంది. వీటితో తయారైన మందులను వైద్య పర్యవేక్షణలోనే వాడాలని చీటీమీద హెచ్చరిక ముద్రించాలి. కీళ్ళనొప్పులకు, తేలుకాటుకు, పాముకాటుకు, పేల నివారణకు జానపద వైద్యంలో ఈ మొక్కను వాడినట్లు నమోదై ఉంది. పాముకాటుకు ఆసుపత్రిలోని విషవిరుగుడు సూదిమందే చికిత్స. దుంప ముద్దతో కాలయాపన ప్రాణం తీస్తుంది. గర్భస్రావానికి ఈ దుంపను వాడడం తల్లి ప్రాణానికే ముప్పు. గ్రామ సమావేశాల్లో మహిళా కార్యకర్తల ద్వారా ఈ మాట స్పష్టంగా చెప్పించాలి.

విషప్రభావం: క్రమం, చికిత్స

ప్రమాదాలు ఎక్కువగా పొరపాటు వల్లనే జరుగుతాయి. దుంపను చిలగడదుంపగానో, తినదగిన అడవి గడ్డగానో భావించి ఉడికించి తిన్న సంఘటనలు భారత్‌లోనూ శ్రీలంకలోనూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తీగ ఎండిపోయి ఆకు ఆనవాలు లేని కాలంలోనే దుంపలు తవ్వుతారు. శివరాత్రి ఉపవాసానికి గడ్డలు ఉడికించే రోజులు కూడా దాదాపు అవే. తినదగిన అడవి గడ్డల తీగలకు కాడగల హృదయాకారపు ఆకులుంటాయి. అడవినాభి ఆకుకు కాడ ఉండదు, కొన మెలి తిరుగుతుంది. ఆకు చూడకుండా దొరికిన ఏ గడ్డనూ వండరాదన్నది పాటించవలసిన నియమం.

తిన్న వెంటనే లక్షణాలు కనిపించకపోవచ్చు. సాధారణంగా రెండు నుంచి పన్నెండు గంటల లోపల నోరు, గొంతు మంట, కడుపునొప్పి, వాంతులు, ఆగని నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. కలుషితాహారం వల్ల వచ్చిన విరేచనాలుగా పొరబడే అవకాశం ఇక్కడే ఉంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో రక్తపోటు పడిపోవడం, మూత్రపిండాలు, కాలేయం, గుండె దెబ్బతినడం, ఎముక మజ్జ పని మందగించి రక్తకణాలు తగ్గడం జరుగుతాయి. విరేచనాలు తగ్గాయని ఇంటికి తీసుకువచ్చిన రోగి మూడో రోజున విషమించవచ్చు. బతికి బయటపడినవారికి ఒకటి రెండు వారాల తరువాత జుట్టు విపరీతంగా రాలుతుంది. దుంపలు తిన్న ఒక యువతికి ఒంటిమీది వెంట్రుకలన్నీ రాలిపోయిన వైనం శ్రీలంక నుంచి 1966లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైంది.

కోల్చిసిన్‌కు విరుగుడు మందు మార్కెట్లో అందుబాటులో లేదు. తొలి గంటల్లో ఉత్తేజిత బొగ్గు ఇవ్వడం, ద్రవాలు ఎక్కించడం, రక్తకణాల సంఖ్యను, అవయవాల పనితీరును రోజుల తరబడి గమనించడం ఇవే వైద్యుల చేతిలోని సాధనాలు. కాలమే ఇక్కడ ప్రధానం. అనుమానం కలిగిన వెంటనే, లక్షణాల కోసం ఎదురు చూడకుండా, 108 వాహనంలో ఆసుపత్రికి తరలించాలి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం వంటి ఇంటి చిట్కాలు పనికిరావు. తిన్న దుంప లేదా గింజ మిగిలిన ముక్కను, వీలైతే తీగను, సంచిలో వేసి వెంట తీసుకువెళ్ళాలి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించే విష సమాచార కేంద్రాన్ని 1800 116 117 నంబరులో వైద్యులు సంప్రదించవచ్చు.

పశువులకూ ఇది ప్రమాదకరమే. మేత కరువైన రోజుల్లో, లేదా కోసిన పచ్చిమేతలో కలిసిపోయినప్పుడు పశువులు ఈ తీగను తినే అవకాశం ఉంది. కోల్చిసిన్ పాలలోకి కూడా చేరుతుంది కాబట్టి విషం సోకిన పశువు పాలను వాడరాదు.

చేనులో, ఇంట్లో పాటించవలసిన నియమాలు

సాగుకు ముందుకు వచ్చే రైతు కుటుంబంతో విస్తరణ అధికారి ఈ నియమాలను చర్చించి, వారు పాటించగలరని నమ్మకం కలిగిన తరువాతే సలహా ఇవ్వాలి.

1. దుంపలు, గింజలు, కాయ తొక్కలను వంటింట్లో, ధాన్యం గదిలో ఉంచరాదు. తాళం గల వేరు గదిలో, విషమని తెలుగులోనూ, గుర్తుతోనూ రాసిన సంచుల్లో నిల్వచేయాలి. ఆ సంచులను తిరిగి ధాన్యానికి, దాణాకు వాడరాదు.

2. చేతితో పరాగ సంపర్కం, కాయ కోత, గింజ తీత, దుంపల తవ్వకం చేసేవారు చేతి తొడుగులు ధరించాలి. ఎండు గింజలు తూర్పారబట్టేటప్పుడు ముక్కుకు, నోటికి అడ్డు కట్టుకోవాలి. పని మధ్యలో తినడం, తంబాకు నమలడం, బీడీ తాగడం కూడదు.

3. కాయలు ఒలిచే పనికి పిల్లలను పెట్టరాదు. పని జరిగే కళ్ళంలో పిల్లలను ఆడుకోనీయరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ పనులకు దూరంగా ఉండాలి.

4. చిలగడదుంప, కంద, పసుపు వంటి గడ్డ పంటలను అదే చేనులో గాని, పక్క వరుసల్లో గాని వేయరాదు. తవ్వగా మిగిలిన దుంపలు తరువాతి పంటలో మొలకెత్తుతాయి, వాటిని ఏరివేయాలి.

5. ఎండిన తీగను, కాయ తొక్కలను మేతగా వేయరాదు. పశువులు చేరని చోట లోతైన గుంతలో పూడ్చాలి.

6. పశువులు తిరిగే గట్లకు, బడికి, అంగన్‌వాడీకి దగ్గరగా ఈ పంట వేయరాదు. పక్క చేను రైతుకు ముందుగా తెలియజేయాలి.

మార్కెట్టు, అడవి వనరు

వరి, సోయా చిక్కుడు వలె అడవినాభి గింజలకు మార్కెట్టు యార్డు గాని, కనీస మద్దతు ధర గాని లేవు. కొనుగోలుదారులు కొద్దిమంది, ధర ఏటేటా తీవ్రంగా మారుతుంది. తమిళనాడు రైతులు దీర్ఘకాలంగా ఎదుర్కొంటున్న సమస్య ఇది. కోల్చిసిన్ శాతం, తేమ శాతం ఆధారంగా ధర నిర్ణయమవుతుంది కాబట్టి పరీక్ష ఎవరు, ఎక్కడ చేస్తారో, ధర ఎలా లెక్కిస్తారో రాతపూర్వక ఒప్పందంలో ఉండాలి. దుంపలు అమ్మేవారే గింజలు కొంటామని నోటిమాటగా హామీ ఇచ్చినప్పుడు రైతు మరింత జాగ్రత్తపడాలి.

మార్కెట్టు కోసం అడవి నుంచి దుంపలు తవ్వడం మరో సమస్య. దుంపను పెకలిస్తే ఆ మొక్క అంతరించినట్లే. ఏటా మొలిచే ఆధారం పోతుంది. జాతీయ ఔషధ మొక్కల బోర్డు కలిహారిని ప్రాధాన్య మొక్కల్లో ఒకటిగా గుర్తించడానికి ఇలాంటి ఒత్తిడి కూడా కారణం. సాగును ప్రోత్సహించే పేరిట గాంధారి, ఎల్లారెడ్డి అడవుల నుంచి నాటు దుంపలు తవ్వించడం జరిగితే ఉద్దేశమే తలకిందులవుతుంది.

పరిశోధనకు, విస్తరణకు సూచనలు

పెద్దకొడప్‌గల్ వంటి మండలంలో మొదటి అడుగు రైతు చేనులో కాకుండా పరిశోధన క్షేత్రంలో పడాలి. ఎర్ర గరప నేలలో ఐదు గుంటల మడికి 60 × 45 సెంటీమీటర్ల దూరంలో సుమారు 1,870 దుంపలు, అంటే దాదాపు 94 కిలోలు సరిపోతాయి. ఎత్తు మడులకూ సాధారణ బోదెలకూ మధ్య దుంపకుళ్ళు తేడా, ఆధారాల రకాలు, చేతి పరాగ సంపర్కానికి పట్టే కూలీ గంటలు, గింజల్లో కోల్చిసిన్ శాతం ఈ నాలుగింటినీ కనీసం మూడు సంవత్సరాలు నమోదు చేయాలి. స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధనాంశంగా ఇది సరైన పరిమాణం. హైదరాబాద్ బోడుప్పల్‌లోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ పరిశోధన కేంద్రం, ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం రసాయన పరీక్షలకు, సాగు సమాచారానికి సంప్రదించదగిన సంస్థలు.

ఆ ఫలితాలు వచ్చేలోగా విస్తరణ సలహా మూడు మాటల్లో చెప్పవచ్చు. నల్లరేగడిలో వేయవద్దు. అడవిలో తవ్వవద్దు. ఎర్ర చెలకలో వేయదలచిన రైతుకు కొనుగోలు ఒప్పందం, తాళం గల నిల్వగది, కుటుంబమంతా విన్న భద్రతా శిక్షణ ఈ మూడూ ఉన్నప్పుడే ముందుకు వెళ్ళమని చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ రైతుకు కంది, శనగ వంటి పంటలే మేలైన సలహా.